గీత దాకా నీళ్ళు

నన్ను దొంగ అన్నాడు. దేనికనుకున్నారు, నగలకా? నీళ్ళకి. మొక్కల తొట్టిలో నీళ్ళు తోడుకుపోతున్నానట. అన్నది ఊళ్ళోవాళ్ళు కాదు, కట్టుకున్నవాడే. పోనీ నా మొహం మీద అన్నాడా అంటే అదీ లేదు. వాళ్ళక్కకి ఫోన్ చేసి చెప్పాడు. ఆవిడ మా అక్కకి చెప్పింది. మా అక్క నాకు టీ అందిస్తూ, ఏదో వాతావరణం సంగతి చెప్పినట్టు చెప్పింది. అరికాలి మంట నెత్తికెక్కింది నాకు.

"నీళ్ళేం చేసుకుంటానట?" అన్నాను.

"మా మేడ మీద కుండీలకి పోస్తున్నావట. అందుకే అవి అంత పచ్చగా ఉన్నాయట," అంది అక్క. "నా కుండీలు పచ్చగా ఉంటే నేను పెంచినందుకు కాదన్నమాట." ఆవిడ బాధ ఆవిడది.

షెడ్డు సంగతి ముందు చెప్పాలి, లేకపోతే నా కడుపుమంట మీకు అర్థం కాదు. వెల్డింగ్ షాపు పక్కన రేకుల షెడ్డు, అద్దెకి తీసుకున్నాం. లోపల వరసగా తెల్ల పైపులు, ఒక వైపు కాస్త ఎత్తుగా, ఇంకో వైపు కాస్త పల్లంగా. పైపుల పొడుగునా చిల్లులు, చిల్లుకో చిన్న జాలీ కప్పు, కప్పులో ఒక లెట్యూస్ మొక్క, హోటళ్ళవాళ్ళు సలాడ్లకి కొనే ఆకు. మట్టి అనేది లేదు. వేళ్ళు పైపులో వేలాడుతుంటే వాటి కింద నీళ్ళు పారుతుంటాయి. పల్లం వైపు నేలకి ఆనించి పెద్ద ప్లాస్టిక్ తొట్టి. అందులోని పంపు నీళ్ళని పైపుల ఎత్తు చివరికి తోస్తుంది, అవి పారుకుంటూ మళ్ళీ తొట్టిలోకే వచ్చి పడతాయి. పగలంతా ఇదే తిరుగుడు. రాత్రికి టైమరు పంపుని ఆపేస్తుంది, తెల్లారగానే మళ్ళీ వేస్తుంది. ఆ నీళ్ళలోనే మొక్కల ఆహారం కలుపుతాం. మందునీళ్ళు అంటాం మేం వాటిని. ఎరువైనా నేలైనా మొక్కకి అవే. అవి పలచబడితే ఆకు పాలిపోతుంది, ఎండిపోతే సాయంత్రానికి వేళ్ళు వాడిపోతాయి.

ఒకప్పుడు తొట్టి ఆయనది, మొక్కలు నావి. నారు పోయడం, నాటడం, కోయడం నేను. మందు కలపడం, నీళ్ళ మట్టం చూడడం ఆయన. చూడడానికి పెద్దగా ఏమీ ఉండేది కాదులెండి. ప్లంబరు బంతి ఉన్న వాల్వు బిగించి వెళ్ళాడు. నీళ్ళు తగ్గితే బంతి కిందికి దిగుతుంది, కుళాయి తెరుచుకుంటుంది, సన్నటి ధార పడుతుంది. చాలినన్ని రాగానే బంతి లేచి కుళాయి మూసేస్తుంది. తొట్టి సగానికి కాస్త పైన ఉండేది ఆ బంతి. అంత పెద్ద తొట్టి కొని సగమే నింపడం ఏమిటని నేను సణిగేదాన్ని. ప్లంబరు అలా ఎందుకు పెట్టాడో ఎవరమూ అడగలేదు.

గొడవ ఎలా మొదలైందంటే, ఒక ఎండ పూట బంతి ఇరుక్కుపోయి తొట్టి అడుగంటింది. నేను చూసేసరికి పంపు గాలి పీలుస్తూ గరగరమంటోంది. ఈయన పరుగున వచ్చి పెద్ద గొట్టం పెట్టి కుళాయి బార్లా తిప్పాడు. మందు లేని చప్పటి నీళ్ళు, అవీ చల్లగా, ఒక్కసారిగా వెళ్ళి వేళ్ళ మీద పడ్డాయి. సన్నగా వదలండి, పెన్సిలంత ధార వదలండి, మధ్యలో మందు కలుపుకుంటూ పోండి అని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. వినలేదు. ఆకులు కొనుక్కెళ్ళే హోటల్ మేనేజరు అక్కడే నిలబడి ఉన్నాడు. అతని ముందే అన్నాను, "ఒక కుళాయి తిప్పడం చేతకాని మనిషిని నా నెత్తిన పెట్టారు" అని. అన్నాను, నిజమే. నాకు ముక్కు మీద కోపం, అందరికీ తెలుసు, ఆయనకి ఇంకా బాగా తెలుసు. నోరు ముయ్యమన్నాడు. నోరు ముయ్యలేదు, బట్టలు సర్దుకుని అక్కింటికి వెళ్ళిపోయాను.

రెండ్రోజుల్లో వచ్చి పిలుస్తాడనుకున్నాను. పిలవలేదు. వారమైనా ఉలుకూ పలుకూ లేదు. పోనీ నేనే వెళ్దామా అంటే, నేనెందుకు వెళ్ళాలి? ఇద్దరం అలా బిర్రబిగుసుకుని కూర్చుంటే షెడ్డులో మొక్కలు ఊరుకుంటాయా? అప్పుడు మధ్యలోకి వచ్చింది మా వదిన, అంటే ఆయన అక్క. టైలరు. మెడలో టేపు లేకుండా ఆవిడని నేనెప్పుడూ చూడలేదు, అందుకే మా ఇంట్లో అందరూ టేపు వదిన అంటారు. ఆవిడ నోటి నుంచి వచ్చింది మా ఇద్దరికీ శాసనం. ఆవిడకి తల్లిలాంటి మనసు, జడ్జిలాంటి గొంతు.

"పొద్దున పూట నువ్వు, మధ్యాహ్నం నుంచి వాడు," అంది వదిన. "మధ్యలో ఒక గంట ఎడం. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూడక్కర్లేదు. ఎవరు వెళ్ళేటప్పుడు వాళ్ళు తొట్టి నింపి వెళ్ళాలి."

బంతి వద్దన్నది ఆయన. బంతి ఉంటే ఎవరి పూట ఎన్ని నీళ్ళు పోయాయో ఎలా తెలుస్తుందని అడిగాడు. దాన్ని విప్పి అటక మీద పడేశాడు. మరి ఎక్కడి దాకా నింపాలి? వదిన టేపు తీసి తొట్టి లోపల పెట్టింది. పై అంచుకి రెండు వేళ్ళు వదిలి, "ఇక్కడికి. ఏదైనా మడతకి కొంచెం వదలాలి," అంది. నా గోళ్ళ రంగు సీసా తీసి నేనే అక్కడ ఎర్రగీత గీశాను. చూడండి, తొట్టి నీళ్ళకి బట్ట కొలత. అప్పుడెవరికీ తప్పనిపించలేదు. నిండు తొట్టి చూసి నాకైతే కడుపు నిండింది కూడా.

నా పని నేను ఎలా చేసేదాన్నో చెప్తాను. పొద్దున్నే వెళ్ళి కోత, ప్యాకింగు, నారు చూసుకోవడం. అదంతా అయ్యాక, వెళ్ళబోయే ముందు పంపు ఆపి, దాని మూతికున్న జల్లెడ ఊడదీసి, బయటున్న కుళాయి దగ్గర బ్రష్షుతో కడిగేదాన్ని. వేళ్ళ ముక్కలూ నాచూ పట్టేస్తాయి దానికి. తిరిగొచ్చి బిగించి, అప్పుడు తొట్టి మూత ఎత్తి నీళ్ళు చూసేదాన్ని. పంపు ఆగి ఉంటే నీళ్ళు కదలవు, గీత తిన్నగా కనబడుతుంది. ఎంత తక్కువైతే అంత, సన్నటి ధార వదిలి, ఈలోపు నేల ఊడ్చి, గీతకి తగలగానే కట్టేసేదాన్ని. పంపు వేసి, తాళం వేసి, వెళ్ళిపోయేదాన్ని. గీతకి వెంట్రుకవాసి తక్కువ ఉంటే నా పేరు మార్చుకుంటాను.

ఆయన వచ్చి చూసేసరికి బెత్తెడు, నాలుగు వేళ్ళంత, తక్కువట.

ఒకరోజు కాదు, రోజూ. "రోజూ బెత్తెడు మందునీళ్ళు మాయమవుతున్నాయి, మందు డబ్బాలు ఇట్టే అయిపోతున్నాయి, మరి ఎవరు తోడుకుపోతున్నట్టు?" అని వదినకి నూరిపోశాడు. వెల్డింగ్ షాపాయన కూడా సాక్ష్యం పలికాడు, పొద్దున నా చేతిలో క్యాను చూశానని. నా చేతిలో ఉన్నది తాగే నీళ్ళ క్యాను. దాహం వేస్తే కూడా ఇకనుంచి ఆయన్ని అడిగి తాగాలి కాబోలు.

నాకు మాత్రం ఫిర్యాదులు లేవా? రోజూ పొద్దున తాళం తీసేసరికి తొట్టి చుట్టూ నేలంతా తడి. గోడకీ తొట్టికీ మధ్య చిన్న మడుగు, ఆరిన చోట తెల్లగా మందు చారలు. ఆకులు రోజురోజుకీ పాలిపోతున్నాయి. ఇంకేముంది, ఆయన సాయంత్రం కుళాయి బార్లా తిప్పి వదిలేసి, తొట్టి పొర్లిపోతుంటే ఫోను చూసుకుంటూ కూర్చుంటున్నాడనుకున్నాను. కావాలని నా లెట్యూస్ పాడుచేస్తున్నాడని కూడా అనుకున్నాను. వదినకి ఫోన్ చేసి అదే చెప్పాను. "వాడు గీత దాకానే నింపుతున్నానని ఒట్టేస్తున్నాడే," అంది వదిన. "నేనూ ఒట్టేస్తున్నాను," అన్నాను. ఒట్లన్నీ ఆవిడ మెడలో టేపుకి తగిలించుకోవాలి ఇక.

ఒకళ్ళని ఒకళ్ళు తిట్టుకోవడానికి కూడా మాకు మధ్యవర్తి కావాల్సి వచ్చింది. చివరికి వదిన విసిగిపోయి తేల్చేసింది. "ఆదివారం నేనే వస్తాను. ఇద్దరూ ఉండండి. నీళ్ళు తోడుకుపోతున్నావని తేలితే షెడ్డు వాడిది, నువ్విక అటు చూడకు. వాడే పారబోస్తున్నాడని తేలితే షెడ్డు నీది."

ఆ రాత్రి అక్క నన్ను సూటిగా అడిగింది, "నీకు కావాల్సింది షెడ్డేనా?" అని.

అక్క దగ్గర నాకు దాపరికం లేదు. "షెడ్డు ఎవడిక్కావాలి?" అన్నాను. "దొంగ అన్నాడు చూడు, ఆ ఒక్క మాట వెనక్కి తీసుకోమను. ఇంకేం అడగను. ఆ మాట తీసేస్తే ఆ క్షణమే ఇంటికి వెళ్ళిపోతాను." చెప్తుంటే ఏడుపొచ్చింది నాకు. నా ఇల్లు నాకు గుర్తొస్తోంది. కిటికీ పక్కన నా కుర్చీ, సగం కుట్టిన దిండు గలీబు, ఆయన గురక కూడా. ఎంత తిట్టుకున్నా ఇల్లు ఇల్లే కదా. కానీ దొంగ అనిపించుకుని ఆ గుమ్మం ఎలా తొక్కుతాను?

శుక్రవారం మబ్బు పట్టింది. ఎండ లేదు, చల్లగా ఉంది. ఎప్పట్లాగే కోత అయ్యాక పంపు ఆపి, జల్లెడ తీసుకుని బయటికి వెళ్ళాను. కడుక్కుని వచ్చి మూత ఎత్తాను. ఎత్తిన చేయి ఎత్తినట్టే ఉండిపోయింది. నీళ్ళు గీత కింద లేవు. గీత దాటి, అంచు దాకా వచ్చి, ఒక పక్క నుంచి సన్నగా జారి నేల మీద పడుతున్నాయి. నేను చుక్క పొయ్యలేదు. కుళాయి కట్టేసి ఉంది.

మొదట ఏమనుకున్నానో తెలుసా? ఆయన దొంగచాటుగా లోపలికి వచ్చాడని. చీపురు పట్టుకుని పైపుల వెనకా, అట్టపెట్టెల వెనకా, నారు అరల కిందా వెతికాను. కనబడితే చీపురుతో నాలుగు తగిలిద్దామనే ఉంది. అక్కడెవరూ లేరు. అప్పుడు వినబడింది చప్పుడు. పైపుల పల్లం చివర నుంచి నీళ్ళు ఇంకా తొట్టిలో పడుతూనే ఉన్నాయి, బొట్టు బొట్టుగా. పంపు ఆగి అంతసేపైనా.

పంపు వేశాను. తొట్టిలో నీళ్ళు దిగడం మొదలుపెట్టాయి. చూస్తుండగానే గీత దిగి, గీత కింద రెండు వేళ్ళ దాకా వెళ్ళి అక్కడ ఆగాయి. ఆపాను. మళ్ళీ పైకి. వేశాను. మళ్ళీ కిందికి. కొత్త బొమ్మ దొరికిన పిల్లలా ఆ స్విచ్చుతో ఎంతసేపు ఆడానో నాకే తెలీదు. పైపుల్లో పారే నీళ్ళు కూడా తొట్టివే కదా. పంపు తిరుగుతున్నంతసేపూ అన్ని పైపుల్లోనూ కలిపి తొట్టిలోని బెత్తెడు ఎత్తు నీరు పైనే ఉంటుంది. ఆపగానే అదంతా దిగి ఇంటికి వచ్చేస్తుంది. నేను రోజూ నీళ్ళు చూసింది పంపు ఆపి. ఆయన చూసింది పంపు తిరుగుతుండగా. నేను గీతకి పెట్టి పంపు వేసి వెళ్తే, ఆయన వచ్చేసరికి బెత్తెడు తక్కువ. ఆయన పంపు తిరుగుతుండగా గీతకి పెట్టి వెళ్తే, రాత్రి టైమరు ఆపగానే బెత్తెడు ఎక్కువ. అంచుకి ఉన్నది రెండు వేళ్ళే. మిగతాది నేలపాలు. మామూలు రోజుల్లో ఎండకి మొక్కలు బాగా తాగేస్తాయి కాబట్టి మధ్యాహ్నానికి నాకు ఎప్పుడూ గీత కిందే కనబడేది. మబ్బు పట్టి అవి తాగకపోబట్టి ఇవాళ బయటపడింది.

ప్లంబరు బంతిని సగంలో ఎందుకు పెట్టాడో అప్పుడు తెలిసింది నాకు. మేం ఇద్దరం ఒక్కపూట, ఒక్కపూట ఆ తొట్టి దగ్గర కలిసి నిలబడి ఉంటే ఎప్పుడో తెలిసిపోయేది.

తడినేల మీదే కూలబడి నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చాను. నేను దొంగని కాను సరే, ఆయన కూడా దుర్మార్గుడు కాదు. కళ్ళారా చూసిందే అన్నాడు పాపం. రోజూ వచ్చి చూస్తే బెత్తెడు తక్కువ ఉంటే ఎవరైనా ఏమనుకుంటారు? నేను మాత్రం ఆయన్ని అనుకోలేదా? ఇన్నాళ్ళ కోపం దూదిలా తేలిపోయింది. ఇంటికి వెళ్ళి అక్కతో చెప్పాను. అక్క నుదురు కొట్టుకుంది. "ఇప్పుడే ఫోన్ చెయ్యి మీ ఆయనకి," అంది.

"చెయ్యను," అన్నాను. "అందరి ముందూ అన్నాడు, అందరి ముందే చూపిస్తాను. ఆ మొహం ఎలా మారుతుందో నేను చూడాలి." అంత మాత్రం బెట్టు ఉండకూడదా మనిషికి? శనివారం కూర్చుని బట్టలు మడత పెట్టుకున్నాను. ఆయన సారీ చెప్తే వెంటనే సరే అనాలా, కాసేపు మూతి ముడుచుకుని కూర్చోవాలా అని కూడా ఆలోచించాను. కాసేపు ముడుచుకోవాలనే అనుకున్నాను.

ఆదివారం అందరం షెడ్డులో చేరాం. వదిన, అక్క, నేను, ఆయన. ఆయన్ని చాలా రోజుల తర్వాత చూశాను. నున్నగా గడ్డం గీసుకుని, కాస్త ఒళ్ళు చేసి, తేరుకున్నట్టు ఉన్నాడు. నా వైపు చూడలేదు. పంపు తిరుగుతోంది. తొట్టి మూత తీసి, "చూడక్కా," అన్నాడు వదినతో. "ఇప్పుడే గీత దాకా నింపాను. నేను ఇలా పెట్టి వెళ్తాను. ఈ మహాతల్లి చేతి నుంచి నాకు వచ్చేసరికి ఇదిగో, ఇంత తక్కువ." చేయి అడ్డంగా పెట్టి చూపించాడు. "క్యాన్లలో నింపుకుని పోతోంది. పక్క షాపాయన చూశాడు. దొంగని దొంగ అంటే తప్పా?"

మామూలుగా అయితే ఆ మాటకి నేను ఒంటికాలి మీద లేవాలి. లేవలేదు. లోపల నవ్వుకుంటున్నాను. అను నాయనా, ఇంకో నిమిషం అను అనుకున్నాను.

"ఏమే, మాట్లాడవేం?" అంది వదిన.

"మాట్లాడను వదినా, చూపిస్తాను," అన్నాను. "అందరూ దగ్గరికి రండి. ఆ గీత మీదే కన్నుంచండి."

అక్క నా పక్కకి వచ్చింది. వదిన గోడకీ తొట్టికీ మధ్యకి వెళ్ళి వంగి చూస్తోంది. ఆయన ఆవిడ వెనకే ఉన్నాడు. పంపు స్విచ్చు గోడకి ఉంది. ఏం చెయ్యబోతున్నానో నేనింకా ఎవరికీ చెప్పలేదు. చేయి చాపి స్విచ్చు మీద వేలు పెట్టాను. ఇంకా నొక్కలేదు. తొట్టిలో నీళ్ళు గీత దగ్గరే ఉన్నాయి.

ఆయన వాళ్ళక్క మోచేయి పట్టుకుని వెనక్కి లాగాడు. "ఇటు రా అక్కా, చెప్పులు తడుస్తాయి," అన్నాడు. తనూ రెండడుగులు పక్కకి జరిగాడు.

వేలు నొక్కింది. పంపు ఆగింది. పైపుల్లోంచి నీళ్ళు దిగడం మొదలైంది. గీత మునిగింది. ఇంకా ఎక్కాయి. అంచు దాటి, ఇందాక వదిన నిలబడ్డ చోట సరిగ్గా అక్కడే నేల మీదికి జారాయి.

"ఇదేంటే, ఎవరూ పొయ్యకుండానే పెరిగాయి," అంది వదిన గుడ్లప్పగించి. అక్క గబగబా అంతా విడమర్చి చెప్పింది. పైపుల్లో ఉన్న నీళ్ళు, ఆపితే ఎక్కువ, వేస్తే తక్కువ, ఇద్దరూ నిజమే చెప్పారు, ఎవరూ దొంగ కాదు. వదిన నెత్తి మీద చేయి పెట్టుకుని నవ్వింది. "నా రెండు వేళ్ళ మడతే కదర్రా కొంప ముంచింది," అంది. ఆయన కూడా ఆశ్చర్యపోయాడు. కనుబొమలు పైకి లేపి, "అరె, ఇదా సంగతి," అన్నాడు. ఎంత బాగా ఆశ్చర్యపోయాడంటే, నేను వాళ్ళిద్దరిలా నీళ్ళ వైపు చూస్తూ ఉండి ఉంటే నమ్మేదాన్నే.

"ఇంకేం, అపార్థం తీరిపోయింది," అంది వదిన. "ఒరేయ్, దొంగ అన్నందుకు దానికి సారీ చెప్పి ఇంటికి తీసుకుపో."

"సారీ," అన్నాడాయన, తొట్టితో.

ఇన్నాళ్ళూ నేను ఎదురుచూసిన మాట. ముడుచుకోవాలనుకున్న మూతి కూడా గుర్తు రాలేదు నాకు.

"మీకు ఎప్పుడు తెలిసింది?" అన్నాను.

"ఏది?"

"వదిన చెప్పులు తడుస్తాయని. నేను స్విచ్చు నొక్కకముందే లాగారు."

వదిన నవ్వు ఆపి తమ్ముడి వైపు తిరిగింది. ఆయన ఏదో అనబోయి, వాళ్ళక్క మొహం చూసి మానేశాడు. ఆవిడ నిలదీస్తే ఆయనకి అబద్ధం నాలుక దాటదు. ఆవిడ అడిగేదాకానే ఆయన తెలివంతా.

"చెప్పరా," అంది వదిన.

"మొదట్లోనే," అన్నాడు. "ఒకరోజు ఫ్యూజు పోయి పంపు ఆగింది. తొట్టి పొర్లి నీళ్ళు కాళ్ళ మీద పడ్డాయి."

అంటే తెలిసే. రోజూ సాయంత్రం గీత దాకా నింపి, రాత్రి అవి నేలపాలవుతాయని తెలిసే తాళం వేసుకుని ఇంటికి పోయాడు. డబ్బాలకి డబ్బాలు మందు నేల తాగుతుంటే, ఆకులు పాలిపోతుంటే, అది నా దొంగతనం కింద రాసుకుంటూ ఫోన్లు చేశాడు. వెల్డింగ్ షాపాయన్ని పిలిచి సాక్ష్యం చెప్పించాడు. నేను ఇల్లు తలుచుకుని ఏడుస్తుంటే ఈయన తొట్టి నింపుతున్నాడు.

"తెలిసీ ఎందుకు చెప్పలేదురా?" అంది వదిన. గొంతులో జడ్జి లేడు, తల్లే ఉంది. "ఒక్క ముక్క చెప్తే అయిపోయేది కదా."

"చెబితే తిరిగి ఇంటికి వచ్చేస్తుంది," అన్నాడు.

కోపంగా అనలేదు. అదే నాకు తగిలింది. కోపంగా అంటే నేనూ రెండు అనేదాన్ని, నా దగ్గర మాటలకేం కరువు. అలిసిపోయినవాడిలా, నిజం చెప్పేసి బరువు దించుకున్నవాడిలా అన్నాడు. ఆ తర్వాత ఇంకో మాట కూడా, మెల్లగా. "ఇంట్లో హాయిగా ఉందక్కా. చప్పుడు లేదు."

నన్ను దొంగ అంటే భరించాను. ఎందుకంటే ఆయన నిజంగానే అలా అనుకుంటున్నాడని నమ్మాను. దొంగ కాదని తేలితే పోయే మాట అది. దీనికి ఏం చూపించి కాదనను? ఏ స్విచ్చు నొక్కను? మా అక్క వచ్చి నా చేయి పట్టుకుంది.

వదిన మెడలోంచి టేపు తీసి చేతికి చుట్టుకుంటూ నిలబడింది. తమ్ముణ్ణి తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "షెడ్డు దానిది," అంది అంతే.

షెడ్డు అడిగింది ఎవరు? నాకు కావాల్సింది ఇల్లు, ఆ గుమ్మం ఇక నాది కాదు. అయినా చేయి చాపాను. ఇన్నేళ్ళ కాపురంలో ఒక్కసారి కూడా రాని పిలుపు నోట్లోంచి దానంతట అదే వచ్చింది.

"తాళం చెవి అక్కడ పెట్టి, నువ్వు పో," అన్నాను.

తాళం చెవి తొట్టి మూత మీద పెట్టి వెళ్ళిపోయాడు. వెనక్కి తిరిగి చూడలేదు. వదిన ఏదో చెప్పబోతూ నా భుజం మీద చేయి వేసింది. పంపు చాలాసేపటి నుంచి ఆగి ఉంది, ఎండ ఎక్కుతోంది, పైపుల్లో వేళ్ళు ఎండిపోతాయి. "ఉండు వదినా," అని ఆవిడ చేయి తీసి, వెళ్ళి పంపు వేశాను.